మిర్యాము చేతిలో తప్పెట

నవంబరు నెలాఖరు. పావగడ తాలూకాలో ఒక చిన్న పల్లె. రేకుల చర్చిలో యవ్వనస్థులు క్రిస్మస్ పాటలు ప్రాక్టీసు చేస్తున్నారు. కీబోర్డు ఉంది, మధ్యమధ్యలో గరగరమనే స్పీకరు ఉంది, అద్దెకు తెచ్చిన ప్యాడ్లు ఉన్నాయి. ఆ సాయంత్రం డిగ్రీ చదివే కుర్రాడొకడు ఇంటి అటక మీద నుంచి వాళ్ళ తాత తప్పెట దించుకొచ్చాడు. బయట కాస్త శెనక్కట్టె మంట వేసి, చర్మం కాగబెట్టి, రెండు పుల్లలతో నాలుగు దెబ్బలు వేశాడు. లోపలున్న పిల్లలంతా బయటికి పరుగెత్తారు. కీబోర్డు వాయించే అమ్మాయి కూడా పాట మధ్యలో ఆపేసి వచ్చింది.

అప్పుడే ఆ కుర్రాడి తాత వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, సంఘపెద్ద. "అది ఆడనే ఉండనీ, లోపలికి తేవద్దు" అన్నాడు. నేను ఆయన్ని పక్కకు తీసుకెళ్ళి నచ్చజెప్పబోయాను. సెమినరీలో చదువుకున్న మాటలు కొన్ని నా దగ్గర ఉంటాయి కదా: సంస్కృతి, అస్తిత్వం, దళిత క్రైస్తవ వేదాంతం. ఆయన ఓపిగ్గా విన్నాడు. విని ఇట్లా అన్నాడు: "అయ్యగారూ, ముప్పై ఏండ్లు ఈ చేతులతోనే కొట్టినా దాన్ని. జాతరకు కొట్టినా, పెద్దింట్లో పీనుగ లేస్తే కొట్టినా. జరమొచ్చి పండుకున్నా లేపుకపోయి కొట్టించినారు. అందురూ తిన్నాక ఎనకాల కూచోబెట్టి పెట్టినారు. బాప్తిస్మం తీసుకున్న దినం దాన్ని అటకెక్కించినా. ఈ దినం నా మనవడు దించినాడు. మీరు దాన్ని సంస్కృతి అంటాండారు."

నాకు జవాబు దొరకలేదు. ఇన్ని నెలలుగా ఆ మాటే లోపల తిరుగుతోంది. ఆయన చెప్పింది నిజం. మనవడి చేతిలో తప్పెట మోగినప్పుడు పిల్లలు పరుగెత్తుకొచ్చిందీ నిజం. ఈ రెండింటినీ పట్టుకుని ఆలోచించడానికే ఇది రాస్తున్నాను.

పావగడ తెలియని వాళ్ళు ఒకసారి మ్యాపు తీసి చూడండి. కర్ణాటకలోని తుమకూరు జిల్లాలో ఉన్న తాలూకా ఇది. కానీ మూడు వైపులా ఆంధ్ర చుట్టుకుని ఉంటుంది. ఒకప్పటి అనంతపురం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి అందులో కొంత శ్రీ సత్యసాయి జిల్లా. తుమకూరు నుంచి మధుగిరి మీదుగా పావగడ వచ్చే బస్సు మధ్యలో కొంత దూరం ఆంధ్రలో నడిచి మళ్ళీ కర్ణాటకలోకి వస్తుంది. పావగడ పల్లెల్లో ఇంటి భాష తెలుగు, బడి భాష కన్నడం. పక్కనున్న మడకశిర ఆంధ్రలో ఉంది, అక్కడ ఎన్నో ఇళ్ళలో కన్నడం వినబడుతుంది. గీత గీసినవాడు ఏ ఇంట్లో ఏం మాట్లాడుకుంటున్నారో అడిగి గీయలేదు.

ఆ గీతకూ ఒక కథ ఉంది. 1799లో శ్రీరంగపట్నం పడింది, టిప్పు చనిపోయాడు. మైసూరు రాజ్యంలో నిజాముకు వాటాగా వచ్చిన ప్రాంతాలను ఆయన 1800లో కంపెనీకి అప్పగించాడు. మనం దత్తమండలాలు అని పిలుచుకున్నది వాటినే. అనంతపురం వైపు థామస్ మన్రో కిందికి వెళ్ళింది, పావగడ మైసూరు సంస్థానంలో ఉండిపోయింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి జిల్లాను విడదీశారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వచ్చాయి, బళ్ళారి మైసూరుకు పోయింది. 1956లో భాషాప్రయుక్త రాష్ట్రాలొచ్చినా పావగడ ఉన్నచోటే ఉంది. రెండు వైపులా పెళ్ళి సంబంధాలు ఆగలేదు, సంతలు ఆగలేదు, జాతరలు ఆగలేదు. కాగితాలు మాత్రం మారాయి.

సంఘం కూడా ఈ గీత ప్రకారమే చీలింది. 1810లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జాన్ హ్యాండ్స్ బళ్ళారి వచ్చి కన్నడ బైబిలు పనికి పూనుకున్నాడు. అనంతపురం, గుత్తి వైపు పనిచేసింది ఆ సొసైటీయే. తుమకూరు వైపు వెస్లియన్ మెథడిస్టులు. 1947 సెప్టెంబరు 27న ఇవన్నీ సి.ఎస్.ఐ.లో కలిశాయి. కలిసినా, ఇవాళ సరిహద్దుకు ఇటున్నవాళ్ళు కర్ణాటక సెంట్రల్ డయాసిస్, అటున్నవాళ్ళు రాయలసీమ డయాసిస్. స్వతంత్ర సంఘాలకు డయాసిస్ గొడవ లేదు గానీ వాటికి వేరే గొడవలున్నాయి, ఇక్కడ వద్దు.

ఇంకో గీత ఉంది, దాన్ని గురించి మన ప్రసంగాల్లో తక్కువ వింటాం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు షెడ్యూల్డు కులంలో ఉండడు. ఆంధ్రలో అతను బి.సి.-సి. బస్సెక్కి పావగడలో దిగితే కర్ణాటక లెక్కలో కేటగిరీ-1. అన్నదమ్ముల్లో ఒకరు ఇటు, ఒకరు అటు ఉంటే ఇద్దరికీ రెండు పేర్లు. పల్లెలోకి పోతే మాత్రం ఇద్దరికీ ఒకటే పేరు, ఒకటే వాడ. ఏ ప్రభుత్వమూ గీయని, ఏ కమిషనూ సవరించని సరిహద్దు అది. పావగడ అసెంబ్లీ స్థానం ఎస్సీ రిజర్వుడు. లోక్‌సభకు అది చిత్రదుర్గ కిందికి వస్తుంది, అదీ ఎస్సీ రిజర్వుడే. 2019 సెప్టెంబరులో ఆ చిత్రదుర్గ ఎంపీ ఎ.నారాయణస్వామి ఇదే తాలూకాలో ఒక గొల్లరహట్టికి వెళితే, దళితుడని ఊరి బయటే ఆపేశారు. పార్లమెంటు సభ్యుడు ఢిల్లీలో సభ గడప దాటగలడు, గొల్లరహట్టి గడప దాటలేకపోయాడు. దేశమంతా పేపర్లలో వచ్చింది. పల్లెలో మాకు మాత్రం అది వార్తగా అనిపించలేదు.

మరి ఈ సరిహద్దు చరిత్రను ఎవరు, ఎట్లా చెబుతున్నారు? పావగడ గురించి బడిలో పిల్లలకు చెప్పేది కోట, శనిమహాత్మ గుడి. కాస్త చదువుకున్న మాస్టారైతే నిడగల్లు కొండ మీద ఏలిన చోళుల శాఖ గురించి చెబుతాడు. మంచిదే, నేను కూడా ఆ కొండెక్కాను. కానీ రాయిలో మిగిలేది రాజే. ఆ రాజు ఆజ్ఞ పల్లెకు ఎట్లా చేరింది? చాటింపుతో. పన్ను పెరిగిందన్నా, చెరువు తెగిందన్నా, జాతర ఫలానా మంగళవారమన్నా, ఒక మనిషి మెడలో తప్పెట వేసుకుని వీధి వీధి తిరిగి చెబితేనే ఊరికి తెలిసేది. వంద తరాల పాటు ఊరికి వార్త మోసినవాడి గురించి మాత్రం ఒక్క వార్తా మిగల్లేదు. ఆ తప్పెట దరువుల్లోనే అతని చరిత్ర ఉంది. చావు దరువు వేరు, పెళ్ళి దరువు వేరు, దేవర దరువు వేరు. వాటిని విని పోల్చుకోగలిగేవాళ్ళు ఇప్పుడు మా పల్లెల్లో వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే ఉన్నారు.

ఉరుముల సంగతీ అంతే. అనంతపురం వైపు ఉరుములు అక్కమ్మ దేవతల కొలుపులో మోగుతాయి, వాటిని మోగించేది మాలలు. ఇటు తుమకూరు, చిత్రదుర్గలో అదే ఉరుమె. పేరులో ఒక్క అక్షరం తేడా, ఆ మోత మాత్రం పేరుకు తగ్గట్టే మేఘం ఉరిమినట్టుంటుంది. తప్పెటను కన్నడంలో తమటె అంటారు. తోలు మీద పుల్ల పడితే అది ఏ రాష్ట్రం తోలో ఎవరూ చెప్పలేరు. పెనుకొండ బాబయ్య ఉరుసుకు ఇటునుంచి హిందువులూ పోతారు, నాగలమడికె సుబ్రహ్మణ్యేశ్వరుడి దగ్గరికి అటునుంచి ఆంధ్రవాళ్ళూ వస్తారు. ఈ సరిహద్దులో కలగలుపు ఎవరో కొత్తగా కనిపెట్టింది కాదు. మన క్రైస్తవులమే దాని పక్కన నిలబడి, అది మనది కాదన్నట్టు చూస్తున్నాం.

ఇక్కడ కొంచెం దూరం పోయి రావాలి. మా సంఘంలో బెంగళూరులో ఉద్యోగం చేసే ఒక అమ్మాయి నాకు బియాన్సే పాటల ఆల్బమ్ ఒకటి వినిపించింది. 2024 మార్చిలో వచ్చిన 'కౌబాయ్ కార్టర్'. మనకు కౌబాయ్ అంటే కృష్ణగారి 'మోసగాళ్ళకు మోసగాడు' గుర్తొస్తుంది, టోపీ, గుర్రం, తుపాకి. అమెరికా వాళ్ళకైతే ఆ బొమ్మ వాళ్ళ సరిహద్దు చరిత్రకే గుర్తు: తెల్లవాడు పడమరకు పోయి ఖాళీ భూమిని దేశంగా మలిచాడన్న కథ. ఆ కథకు నేపథ్య సంగీతం కంట్రీ పాట. నిజానికి పశువులు తోలిన కౌబాయ్‌లలో నల్లవాళ్ళు, మెక్సికన్లు ఎందరో ఉన్నారు. కంట్రీ పాటకు గుండెకాయలాంటి బాంజో ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషుల జ్ఞాపకంలోంచి పుట్టిన వాద్యం. దాని ముఖానికి కూడా ఒకప్పుడు తోలే బిగించేవాళ్ళు, మన తప్పెటలాగే. కానీ 20వ శతాబ్దంలో రికార్డు కంపెనీలు తెల్లవాళ్ళ పాటలకు ఒక పేరు, నల్లవాళ్ళ పాటలకు వేరే పేరు పెట్టి అమ్మాయి. బాంజో చేతులు మారింది. అది నల్లవాళ్ళదని నల్లపిల్లలకే తెలియకుండా పోయింది.

ఆ బొమ్మను బియాన్సే తిరగేసింది. తెల్ల గుర్రమెక్కి, జెండా పట్టుకుని, టోపీ పెట్టుకుని, ఈ పాట మాది కూడా అంది. 1969లో గ్రాండ్ ఓల్ ఓప్రీ వేదిక మీద పాడిన తొలి నల్లజాతి గాయని లిండా మార్టెల్‌ను, అందరూ మరిచిపోయాక, పిలిచి ఆ ఆల్బమ్‌లో మాట్లాడించింది. 2025 ఫిబ్రవరిలో ఆ ఆల్బమ్‌కు గ్రామీల్లో పెద్ద బహుమతే వచ్చింది. "చూశారా పాస్టరుగారూ, బాంజోను వాళ్ళు వెనక్కి తీసుకున్నారు, మనం తప్పెటను తీసుకోలేమా?" అని ఆ అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న.

కానీ కథ అక్కడ ఆగలేదు. 2025 వేసవిలో అదే ఆల్బమ్ పాటల యాత్రలో ఆమె బఫెలో సోల్జర్ల బొమ్మలున్న ఒక టీ షర్టు వేసుకుంది. అంతర్యుద్ధం తర్వాత 1866లో ఏర్పడిన నల్లజాతి సైనిక దళాలవి. వాళ్ళ ధైర్యం గొప్పదే, వాళ్ళు పడ్డ అవమానం కూడా పెద్దదే. అయితే ఆ సైన్యాన్ని వాడుకున్నది అక్కడి మూలవాసులను వాళ్ళ నేల మీద నుంచి తరమడానికి. ఆ చొక్కా వెనక రాతలో మూలవాసులను శాంతికి శత్రువుల జాబితాలో చేర్చారు. మూలవాసులు బాధపడ్డారు, చరిత్రకారులు తప్పుపట్టారు. తెల్లవాడి బొమ్మలో నల్లవాణ్ణి గుర్రమెక్కించినంత మాత్రాన ఆ గుర్రం కాళ్ళ కింద నలిగినవాడు లేచి నిలబడడు. ఆమెను తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. మనం అదే పనికి పూనుకుంటున్నాం కాబట్టి అంటున్నాను. మన సరిహద్దు కథను మన పాటతో తిరిగి చెప్పేటప్పుడు ఎవరిని వదిలేస్తాం?

గొల్లరహట్టి సంగతి ఇందాక చెప్పాను. అక్కడ ఆపినవాళ్ళను విలన్లుగా పెట్టి ఒక పాట కట్టడం చాలా తేలిక. కానీ ఆ కాడుగొల్లలు కూడా గొర్రెల వెంట తిరిగి, ఏ ఊళ్ళోనూ గౌరవం దొరకని మనుషులే. వాళ్ళకు జుంజప్ప అనే వీరుడి కథ ఉంది, పొడుగాటి వెదురు గణె ఊదుకుంటూ రాత్రులు రాత్రులు పాడతారు. అదీ ఈ నేల చరిత్రే. వాళ్ళు మమ్మల్ని ఆపింది తప్పు, దాన్ని తప్పనే పాడాలి. వాళ్ళకూ ఒక పాట ఉందన్నది కూడా అదే గొంతుతో చెప్పాలి. కష్టమే. సువార్త మనకు తేలికైన పనులు ఎప్పుడు చెప్పింది?

'ఖాళీ భూమి' అన్న మాట కూడా మాకు కొత్త కాదు. నాగలమడికె హోబళిలో తిరుమణి, బాలసముద్ర, క్యాతగానచెర్లు, వళ్ళూరు, రాయచెర్లు, ఈ అయిదు ఊళ్ళ చుట్టూ దాదాపు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. 2018లో మొదలైనప్పుడు దేశమంతా మెచ్చుకుంది. భూమి కొనకుండా ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల కౌలు ఇచ్చారు, రెండేళ్ళకోసారి కొంత పెంచుతారు. వాన లేక, బోర్లు ఎండి, ఉన్న నీళ్ళలో ఫ్లోరైడు నిండిన రైతుకు అది ఆసరా అయిందన్నది నిజమే, కాదనను. కానీ కౌలు భూమి పట్టా ఉన్నవాడికి వస్తుంది. శెనక్కాయ చేలో కలుపు తీసి, కాయ పీకి, ఒలిచి బతికిన కూలికి పట్టా లేదు. గొర్రెలు తోలుకునేవాడికి బీడు పోయింది. బంజరు, పనికిరాని నేల అని పేపర్ల మీద రాసుకున్నచోట ఈ మనుషులు బతికారు. అమెరికాలో పడమర ఖాళీ అన్నారు, పావగడలో బీడు ఖాళీ అన్నారు. ఆ అద్దాల వరుసల పక్కన నిలబడితే గాలి చప్పుడు తప్ప ఏమీ వినబడదు. ఒకప్పుడు కలుపు తీస్తూ ఆడవాళ్ళు పాడిన పాటలకు ఇప్పుడు చేలు లేవు.

సరే, బైబిలు దగ్గరికి వద్దాం. నేను చెప్పదలచిన ముఖ్యమైన సంగతి ఇక్కడుంది. మా సరిహద్దు సంఘాల్లో తెలుగు బైబిలు చదివేవాళ్ళూ ఉంటారు, బడిలో కన్నడం నేర్చుకున్న పిల్లలు కన్నడ బైబిలు కూడా తెస్తారు. ఒకరోజు యవ్వనస్థుల కూడికలో నిర్గమకాండం 15వ అధ్యాయం చదువుతున్నాం. ఎర్రసముద్రం దాటాక మిర్యాము వాద్యం చేతపట్టుకుని స్త్రీలందరి ముందు నడిచిన చోటు. తెలుగులో ఆమె చేతిలో ఉన్నది తంబుర. కన్నడ బైబిలు పట్టుకున్న పిల్ల తలెత్తి, "ఇందులో దమ్మడి అని ఉంది" అంది. దమ్మడి అంటే చట్రానికి తోలు బిగించి చేత్తో కొట్టే వాద్యం. తంబుర అంటే తీగలున్నది, కచేరీలో పాటగాడి వెనక శ్రుతి పలికేది. రెండూ ఒకటెలా అవుతాయి?

హెబ్రీలో అక్కడున్న మాట తోఫ్. తోలు బిగించిన చేతి వాద్యమే, అనుమానం లేదు. యూదుల ఇళ్ళలో ఎక్కువగా ఆడవాళ్ళు వాయించింది. యెఫ్తా కూతురు తండ్రికి ఎదురొచ్చింది దానితోనే, దావీదు గెలిచి వచ్చినప్పుడు స్త్రీలు ఊళ్ళలోంచి బయటికొచ్చింది దానితోనే. తెలుగులో మిర్యాము దగ్గరా, 150వ కీర్తనలోనూ అది తంబుర అయింది. 81వ కీర్తనకు వస్తే మాత్రం గిలకతప్పెట అని కనిపిస్తుంది. అంటే ఆ మాట అనువాదకులకు తెలియక కాదు. వాళ్ళ మనసులో ఏముందో నేను చెప్పలేను, నిందించను కూడా. కానీ ఫలితం చూడండి. తీగ పరిశుద్ధ స్థలంలో కూర్చుంది, తోలు గడప బయట ఉండిపోయింది. తంబుర పట్టుకున్న మిర్యామును మన పిల్లలు ఊహించుకుంటే ఒక కచేరీ విద్వాంసురాలు కనిపిస్తుంది. తప్పెట పట్టుకున్న మిర్యామును ఊహించుకుంటే వాళ్ళ అవ్వ కనిపిస్తుంది.

మన కీర్తనల చరిత్ర కూడా ఈ వెలుగులో ఒకసారి చూడాలి. పురుషోత్తమ చౌదరిగారు (1803-1890) సరిహద్దు మనిషే, తెలుగూ ఒడియా కలిసే పర్లాకిమిడి వైపు పుట్టినవారు. రాగం, తాళం కట్టి ఆయన రాసిన కీర్తనలు లేకపోతే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమే లేదు. పరాయి రాగానికి తెలుగు మాటలు అతికించే కాలంలో ఆయన మన రాగాన్నే గుడిలోకి తెచ్చారు. అది చిన్న సాహసం కాదు. అయితే ఆయన తెచ్చింది తనకు తెలిసిన సంగీతాన్ని, అగ్రహారపు సంగీతాన్ని. తర్వాత వేలకొద్దీ మాల మాదిగ కుటుంబాలు సంఘాల్లోకి వచ్చాయి, వాళ్ళ సంగీతం మాత్రం వెంట రాలేదు. రాకపోవడానికి సగం కారణం సంఘం, సగం కారణం ఇందాకటి తాత చెప్పిన కారణం. తర్వాత కీబోర్డు వచ్చింది, ప్యాడ్లు వచ్చాయి. ఇప్పుడు మన ఆరాధన పాటల్లో తప్పెట వినబడుతుంది, నిజమే, ఆ ప్యాడ్ల మీట నొక్కితే వచ్చే తప్పెట చప్పుడు. తోలు లేదు, మంట లేదు, మనిషి లేడు. అందుకే దానికి ఎవరూ అభ్యంతరం చెప్పరు.

తమిళనాట ఈ పని మనకంటే ముందే మొదలైంది. మదురైలోని తమిళనాడు వేదాంత కళాశాలలో జేమ్స్ థియోఫిలస్ అప్పావుగారు పఱై దరువుల మీద, పల్లె బాణీల మీద ఆరాధన క్రమాలే కట్టారు, 2005లో ఆయన చనిపోయేదాకా ఆ పని ఆపలేదు. సత్యనాథన్ క్లార్క్ 1998లో రాసిన పుస్తకంలో పఱైయర్ల డప్పును వేదాంతానికే మూలంగా తీసుకుని, క్రీస్తును ఆ డప్పులో చూశాడు. నేను సెమినరీలో ఉండగా అది చదివి రెండు రోజులు నిద్రపోలేదు. ఆ తర్వాత పల్లెకొచ్చి, ముప్పై ఏండ్లు కొట్టి చేతులు కాయలు కాచిన మనిషి ఎదుట నిలబడితే, పుస్తకం సగమే చెప్పిందని అర్థమైంది.

ఎందుకంటే తప్పెటకు రెండు చరిత్రలున్నాయి. కొట్టిన చరిత్ర ఒకటి. కొట్టనని కింద పెట్టిన చరిత్ర ఇంకొకటి. 1985 కారంచేడు తర్వాత దళిత మహాసభ సభల్లో, ఇటు కర్ణాటకలో దళిత సంఘర్ష సమితి ఊరేగింపుల్లో, సిద్ధలింగయ్య పాటల వెనకా గద్దర్ పాటల వెనకా అదే తోలు మోగింది. 1994లో ఈదుముడిలో పుట్టిన ఉద్యమం తన పేరే దండోరా అని పెట్టుకుంది. అదే కాలంలో ఎన్నో పల్లెల్లో, పేరుకెక్కనివాళ్ళు, జాతరకు తప్పెట కొట్టం అని చెప్పి దెబ్బలు తిన్నారు, పనులు పోగొట్టుకున్నారు. పొరుగున చింతామణి తాలూకా కంబాలపల్లిలో, అదీ తెలుగు మాట్లాడే కర్ణాటక పల్లెలే, 2000 మార్చి 11న ఏడుగురు దళితులను ఇంట్లో పెట్టి కాల్చేశారు. 2006లో కింది కోర్టు ముద్దాయిలందర్నీ వదిలేసింది. ఎదురు తిరిగితే ఏమవుతుందో ఈ సరిహద్దులో అందరికీ తెలుసు. ఇన్ని తెలిసీ తప్పెటను అటకెక్కించిన మనిషిది ధైర్యం. దాన్ని సంస్కృతిని వదులుకోవడం అని మనం అనగూడదు.

కాబట్టి నా అభిప్రాయం ఇది. తప్పెట గుడిలోకి రావాలి. కానీ కులం పేరు చెప్పి ఎవరి చేతిలోనూ పెట్టగూడదు. 'మీవాళ్ళే బాగా కొడతారు కదా' అన్న మాట చర్చిలో వినబడితే అది పాత జాతరే. అందరి పిల్లలూ నేర్చుకోవాలి, ముఖ్యంగా ఆడపిల్లలు, మిర్యాము తర్వాత ఇంకెవరి అనుమతి కావాలి వాళ్ళకు? నేర్పే పెద్దలకు కుర్చీ వేసి కూర్చోబెట్టాలి, డబ్బు ఇవ్వాలి, ప్రార్థన చేసి పంపించేయడం కాదు. కీబోర్డు ప్లేయరుకు పెట్రోలు ఖర్చులిచ్చే సంఘం తప్పెట నేర్పిన తాతకు శాలువా కప్పి ఊరుకుంటే అది సన్మానం కాదు. తప్పెట కొట్టనని చెప్పినవాళ్ళ కథను కూడా పాట చేయాలి. ఉరుములు, దరువులు, కలుపు పాటలు తెలిసినవాళ్ళు పోకముందే వాటిని ఫోనుల్లో రికార్డు చేసి పెట్టండి, ఏ దరువు ఎప్పుడు కొట్టేవారో, కొట్టేటప్పుడు వాళ్ళకు ఏం జరిగేదో కూడా అడగండి. రీలు పెట్టడానికి మాత్రమే వెళ్ళొద్దు. వెళితే వాళ్ళతో కలిసి అన్నం తిని రండి.

భాష గురించి ఒక మాట. మా పిల్లల తెలుగును అనంతపురంలో కన్నడం కలిసిందని నవ్వుతారు, వాళ్ళ కన్నడాన్ని తుమకూరులో తెలుగు వాసన వస్తోందని నవ్వుతారు. పేతురు ప్రధాన యాజకుని ముంగిట్లో దొరికిపోయింది యాసతోనే. యేసు పెరిగిన గలిలయ కూడా సరిహద్దు నేలే, యెరూషలేము వాళ్ళు చిన్నచూపు చూసినదే. గవిని వెలుపట చనిపోయిన ప్రభువుకు పొలిమేర భాష అర్థం కాకుండా పోదు. పల్లవి తెలుగులో, చరణం కన్నడంలో, దరువు రెండింటిదీ. అట్లాంటి పాట ఒకటి మా పిల్లలు కట్టారు. ఛందస్సు తప్పింది, వ్యాకరణం తప్పింది, నేను దిద్దలేదు.

ఇంతకీ ఆ క్రిస్మస్ రాత్రి ఏమైందో చెప్పాలి. తాత మాట కాదని తప్పెటను లోపలికి తీసుకెళ్ళే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది, ఉండగూడదు కూడా. మనవడు దాన్ని గడప బయట రాతి అరుగు మీద పెట్టాడు. లోపల ఆరాధన అయిపోయింది, బయట అందరికీ అన్నాలు వడ్డిస్తున్నారు. కీబోర్డు వాయించే అమ్మాయి చేయి తుడుచుకుని వచ్చి తప్పెట ఎత్తుకుంది. వాళ్ళది వేరే కులం, వాళ్ళింట్లో ఎవరూ ఎప్పుడూ దాన్ని ముట్టిందే లేదు. పుల్లలు పట్టుకోవడం రాక టక్ టక్‌మని కొడుతోంది. తాత కాసేపు చూశాడు. తర్వాత విస్తరి పక్కన పెట్టి, లేచి వెళ్ళి, ఆమె మణికట్టు దగ్గర పట్టుకున్నాడు.

"అట్ల బిగబట్టగూడదమ్మా," అన్నాడు. "చెయ్యి వదులుగా పెట్టు."